ఒకసారి ఎత్తిన చెయ్యి

లెక్కల టీచరు ఉద్యోగంలో లెక్కలు చేసే పని చాలా తక్కువ. లెక్కలన్నీ పుస్తకంలో ఎవరో ముందే చేసి పెట్టి ఉంటారు, జవాబులు వెనక పేజీల్లో ఉండనే ఉంటాయి. మన పనల్లా, ఎదురుగా కూర్చున్న పిల్ల తన తప్పు జవాబును ఏ దారిన వెళ్ళి పట్టుకొచ్చిందో కనుక్కోవడం. ఈ సంగతి ట్రైనింగులో నాకెవరూ చెప్పలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బడుల్లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇప్పుడు తీరిగ్గా కూర్చుని నేను చెబుతున్నాను.

ప్రమోషన్ల గురించి రాయను. ట్రాన్స్‌ఫర్ల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుళ్ళూ రాయను. అవి అందరికీ ఒకటే. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, పదో తరగతికి ఏ పాఠం ముందు చెప్పమంటారు?" అని అడుగుతుంటారు. సమితులు చెప్పండి అంటాను. అందులోనూ వెన్ చిత్రాలు. "అది చిన్న పాఠం కదా మేడమ్, మార్కులు కూడా తక్కువే" అంటారు. నాకు వెంటనే కోపం వస్తుంది. నా కోపం సంగతి తెలిసినవాళ్ళు ఫోన్ కొంచెం దూరంగా పెట్టుకుంటారు.

అసలు ఆ పాఠంలో ఉన్నది ఇంతే. ఒక గుంపుకు ఒక వలయం గీస్తాం. ఇంకో గుంపుకు ఇంకో వలయం. రెండు గుంపుల్లోనూ ఉండేవాళ్ళ కోసం ఆ రెండు వలయాలూ కొంత మేర ఒకదాని మీదికి ఒకటి వచ్చేట్టు గీస్తాం. ఎవర్నీ వదిలెయ్యకుండా, ఎవర్నీ రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండడానికి అంతకంటే మంచి ఉపాయం నాకు ఇంకా కనపడలేదు.

మదనపల్లెలో: రెడ్డెమ్మ చేసిన చిల్లు

తొంభైల మొదట్లో మదనపల్లెలో నా తరగతిలో రెడ్డెమ్మ అనే పిల్ల ఉండేది. తంబళ్లపల్లె వైపు నుంచి బస్సులో వచ్చేది. మొదటి బెంచీలో కూర్చుని, నేను చెప్పిన ప్రతిదానికీ తల ఊపేది. తల ఊపే పిల్లల్ని నమ్మకూడదని నాకు అప్పటికింకా తెలియదు.

ఒకరోజు బోర్డు మీద రెండు వలయాలు గీసి, "ఈ రెండింటి ఛేదనాన్ని చూపించు" అన్నాను. రెండింటిలోనూ ఉండే భాగాన్ని గీతలతో నింపి చూపించాలి. రెడ్డెమ్మ తన పుస్తకంలో వలయాలు చక్కగా గీసింది. తర్వాత మధ్య భాగాన్ని రబ్బరుతో రుద్దింది. రబ్బరు చాలక ఉమ్మి తడి చేసి వేలితో రుద్దింది. నేను దగ్గరికి వెళ్ళేసరికి కాగితానికి చిల్లు పడి, కింది పేజీ కనిపిస్తోంది.

"ఏం చేశావే ఇది?"

"మీరే కద టీచర్ ఛేదించమంటిరి. నరికి తీసేసినాను" అంది, ఇంకా ఏమైనా మిగిలిందా అన్నట్టు చిల్లులోకి చూస్తూ.

తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇంటికి వెళ్ళి తీరిగ్గా ఆలోచిస్తే ఆ పిల్ల చేసింది మాట ప్రకారం ముమ్మాటికీ సరైందే అనిపించింది. ఛేదించడమంటే నరకడమే. పుస్తకం రాసిన పెద్దలు సంస్కృతంలోంచి ఒక కత్తిని తెచ్చి పిల్లల చేతిలో పెట్టి, దీంతో రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూపించమన్నారు. కత్తి ఇచ్చాక పిల్లలు కొయ్యకుండా ఏం చేస్తారు?

మర్నాడు పుస్తకం మూసేశాను. అందులో హాకీ, క్రికెట్ ఆడేవాళ్ళ లెక్క ఉంది. ఆ తరగతిలో హాకీ కర్రను కళ్ళతో చూసిన పిల్ల ఒక్కతీ లేదు. రెడ్డెమ్మను లేపి, "మీది ఏం చేను?" అన్నాను.

"చెనిక్కాయల చేను టీచర్." వేరుశనగకు అక్కడి మాట అది.

"కందులు వెయ్యలేదా?"

"చెనిక్కాయల్లోనే కంది సాళ్ళు ఏసింటాం."

"అయితే మీ ఊళ్ళో చెనిక్కాయ వేసినవాళ్ళంతా రండని పిలిస్తే మీ నాయన వస్తాడా?"

"వస్తాడు."

"కందులు వేసినవాళ్ళంతా రండి అంటే?"

"ఆడికీ వస్తాడు." ఇక్కడ రెడ్డెమ్మకు నా మీద కాస్త అనుమానం వచ్చింది. "రెండు తూర్లు వస్తే మాత్రం మా నాయన ఇద్దరైపోతాడా టీచర్?"

అంతే. పాఠం అయిపోయింది. నేను చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. ఒక ఊళ్ళో ఇరవై ఇళ్ళవాళ్ళు చెనిక్కాయ వేశారు, పన్నెండు ఇళ్ళవాళ్ళు కంది వేశారు, ఏదో ఒకటి వేసిన ఇళ్ళు మొత్తం ఇరవై అయిదే, రెండూ వేసినవాళ్ళెందరు అంటే, రెడ్డెమ్మ కాగితం కూడా ముట్టకుండా ఏడు అని చెప్పింది. ఇరవై, పన్నెండు కూడితే ముప్ఫై రెండు. ఉన్న ఇళ్ళు ఇరవై అయిదు. ఎక్కువ వచ్చిన ఆ ఏడుగురూ "రెండు తూర్లు వచ్చిన నాయన్లు". ఆ ఏడాదంతా మా తరగతిలో ఛేదనానికి అదే పేరు. పరీక్షల ముందు మాత్రం బతిమాలి, భయపెట్టి, పుస్తకంలో మాట నేర్పించాను. నేర్పించక తప్పదు, పేపరు దిద్దేవాడికి రెడ్డెమ్మ వాళ్ళ నాయన తెలియడు కదా.

పుంగనూరులో: పులిహోర పొట్లాలు

బాసుల గురించి చెప్పమంటే చాలామంది తిట్టడానికి తయారవుతారు. నేనూ కొందర్ని తిట్టగలను. కానీ పుంగనూరు హెడ్మాస్టరు గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఇష్టంగానే ఉంటుంది. ఆయన చరిత్ర చెప్పే మనిషి. లెక్కలంటే కూడికలు అనుకునేవారు.

బడి వార్షికోత్సవానికి పిల్లలకు పులిహోర పొట్లాలు చేయించాలి. పాటలు పాడేవాళ్ళెందరు, డాన్సు చేసేవాళ్ళెందరు, నాటకంలో ఉన్నవాళ్ళెందరు అని ఒక్కో టీచర్నీ అడిగి, అన్నీ కూడి, అన్ని పొట్లాలు కట్టించారు. నేను ముందే చెప్పాను. "సార్, పాడే పిల్లలే డాన్సులోనూ ఉన్నారు, డాన్సు చేసే సగం మంది నాటకంలో సేవకులు, సైనికులు. ఒక్కో పిల్లను మూడుసార్లు లెక్కపెట్టారు మీరు."

"మూడు తూర్లు ఎగిరే పిల్లకి మూడు పొట్లాల ఆకలి ఉండదా అమ్మా?" అన్నారు ఆయన.

చివరికి పొట్లాలు గుట్టగా మిగిలాయి. స్టాఫ్ రూములో అందరూ ఆయన్ని ఆట పట్టించారు. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోలేదు. పిల్లలందర్నీ మళ్ళీ వరసలో నిలబెట్టి, ఇంట్లో చెల్లెళ్ళకీ తమ్ముళ్ళకీ అంటూ పంచేశారు. "మీరు చెప్పిందే నిజం, తప్పు నాదే" అని అందరి ముందూ నాతో అన్నారు. పైన ఉన్న మనిషి అంత సులువుగా ఆ మాట అనడం నేను మళ్ళీ ఎక్కువసార్లు వినలేదు. ఎక్కువ లెక్కపెట్టిన తప్పు అలా పులిహోరతో పోయింది. తక్కువ లెక్కపెట్టిన తప్పు ఎలా ఉంటుందో కుప్పం వెళ్ళాక చూశాను.

కుప్పంలో: శివరుద్రప్ప మాస్టారు

రెండువేల సంవత్సరం దాటాక నన్ను కుప్పం దగ్గర, గుడుపల్లె వైపు ఒక హైస్కూలుకు వేశారు. అక్కడ ఒక దారి కన్నడ సీమకు, ఇంకో దారి తమిళ సీమకు పోతుంది. పిల్లలు అవ్వను కన్నడంలో అన్నం అడిగి, అమ్మతో తమిళంలో పోట్లాడి, నా దగ్గరికొచ్చి తెలుగులో అబద్ధాలు చెప్పేవాళ్ళు.

ఆ బడిలో శివరుద్రప్ప గారు కన్నడం మాస్టారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. భుజాన ఎప్పుడూ తువ్వాలు ఉండేది. నన్ను "లెక్కలమ్మా" అని పిలిచేవారు. ఆయన క్లాసుకు రావాలన్న నియమం ఎవరికీ లేదు, ఇష్టమున్న పిల్లలు వెళ్ళి కూర్చోవచ్చు. పాటలు పాడించి అక్షరాలు నేర్పేవారు కాబట్టి గది నిండిపోయేది. నా క్లాసులో ఆవలించే పిల్లలు అక్కడ గొంతెత్తి పాడుతుంటే నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది.

ఒక ఏడాది పైనుంచి కబురొచ్చింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు పదో తరగతిలో పదిమందైనా లేకపోతే కన్నడం టీచరు పోస్టును ఆ బడి నుంచి తీసేస్తారు. మాస్టారిని జిల్లాలో ఆ చివరకు ఎక్కడికో పంపిస్తారు. ఆయన పోతే మళ్ళీ ఇంకొకర్ని వెయ్యరు, ఆ పిల్లలకు కన్నడ అక్షరాలు అంతటితో సరి. చూసి పోవడానికి ఒక ఆఫీసరు గారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడే. తొందర మాత్రం జాస్తి.

"క్లాసుకు వచ్చేవాళ్ళ లెక్క నాకొద్దండీ, పాటల కోసం ఎవరైనా వస్తారు. ఇంట్లో ఏం మాట్లాడతారో పిల్లల్నే అడుగుతాను" అన్నారు. అది న్యాయమే. పదో తరగతికి వచ్చారు. అది నా పీరియడు. శివరుద్రప్ప గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చేతులెత్తండి." ముప్ఫై ఎనిమిది చేతులు లేచాయి.

"తమిళం?" మూడు చేతులు.

"కన్నడం?"

కెంపమ్మ అనే పిల్ల ఒక్కతే చెయ్యి ఎత్తింది. అటూ ఇటూ చూసి, ఇంకెవరూ ఎత్తలేదని సగం దించింది కూడా.

ఆఫీసరు గారు బోర్డు మీద ఆ మూడు అంకెలూ కూడారు. ముప్ఫై ఎనిమిది, మూడు, ఒకటి. నలభై రెండు. తరగతిలో పిల్లలు కూడా నలభై రెండే. "చూశారా మేడమ్, లెక్క ఎంత సరిగ్గా కుదిరిందో" అన్నారు నాతో.

నేను శివరుద్రప్ప గారి వైపు చూశాను. ఆయన బోర్డు చూడడం లేదు. పిల్లల్ని చూస్తున్నారు, ఒక్కొక్కర్నీ, పేరు గుర్తు చేసుకుంటున్నట్టు. తర్వాత తువ్వాలు సర్దుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. నేను వెనకే వెళ్ళాను.

"ఒగే ఒక చెయ్యి లెక్కలమ్మా" అన్నారు. "పోస్టు పోతే పోనీ. ఈ వయసులో నాకు బస్సులు కొత్తా? ఇంతమందికి పాటలు చెప్పినానే, మాది కన్నడం అని చెప్పుకునేదానికి ఈ పిల్లోళ్ళకి సిగ్గయిందా?"

ఆ మాటకు నాకు పిల్లల మీద పిచ్చి కోపం వచ్చింది. ఆ కోపంతోనే తరగతిలోకి తిరిగొచ్చి బోర్డు చూశాను, అప్పుడు గానీ నా బుర్ర పనిచెయ్యలేదు. నలభై రెండు అంత సరిగ్గా ఎలా కుదిరింది? కుప్పంలో, మూడు భాషల్లో కలలు కనే పిల్లల మధ్య, మూడు గుంపులు కూడితే పిల్లలకంటే ఎక్కువ రావాలి. రెండు భాషలవాళ్ళు రెండుసార్లు చెయ్యెత్తాలి కదా. ఎవరూ ఎత్తలేదన్నమాట.

"సార్, ఒక్క నిమిషం. ఇదే ప్రశ్న నేను చివరి భాషతో మొదలుపెట్టి అడుగుతాను" అన్నాను. ఆయన గడియారం చూసుకుని సరేనన్నారు.

"ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్ళు?" పంతొమ్మిది చేతులు లేచాయి.

"తమిళం?" పదకొండు.

"తెలుగు?" పన్నెండు.

మళ్ళీ నలభై రెండే. ఆఫీసరు గారి ముఖం ఎర్రబడింది. "ఎవరో నేర్పించినట్టున్నారు వీళ్ళకి" అన్నారు. అందులో ఆయన తప్పు లేదు, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నేను ముందు బెంచీలో ఉన్న మంజుల అనే పిల్లను లేపాను.

"ఇందాక సారు కన్నడం అన్నప్పుడు యాల ఎత్తలేదే చెయ్యి? ఇప్పుడెట్లా ఎత్తావు?"

"అప్పుడు తెలుగుకి ఎత్తేసినాను గదా టీచర్."

"ఎత్తేస్తే?"

మంజుల నన్ను వింతగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "ఒకసారి ఎత్తినోళ్ళు మల్ల ఎత్తకూడదు గదా టీచర్. బిస్కెట్లు పంచేటప్పుడు రెండోసారి ఎత్తితే ఆశబోతు అంటారు. ఇంకొకరికి తక్కువ అయిపోతాది."

తరగతంతా అవునన్నట్టు తల ఊపింది. మనమే నేర్పిన బుద్ధి అది. పంద్రాగస్టుకు బిస్కెట్లు పంచుతూ, ఒకసారి తీసుకున్నవాళ్ళు చేతులు దించండని ఏళ్ళ తరబడి అరిచింది మనమే. పిల్లలు భాషను కూడా బిస్కెట్టు లాగానే, మనిషికి ఒకటి అని అనుకున్నారు. తమ ఇంటి భాషల్లో ముందు అడిగినదానికి అందరూ ఎత్తేశారు, చివర అడిగిన కన్నడానికి కన్నడం తప్ప వేరే మాట లేని ఇంటి పిల్ల కెంపమ్మ ఒక్కతే మిగిలింది.

"బయటికి పదండి అందరూ" అన్నాను.

కబడ్డీ కోర్టు గియ్యడానికి ఆటల మాస్టారు దాచుకున్న ముగ్గుపిండి సంచీ తెప్పించాను. నేలలో మేకు పాతి, తాడు కట్టి, మూడు పెద్ద వలయాలు గీయించాను, ఒకదాని మీదికి ఒకటి ఎక్కేట్టు. ఒకటి తెలుగు, ఒకటి తమిళం, ఒకటి కన్నడం. "ఇక్కడ ఎవరూ ఏమీ పంచడం లేదు. మీ ఇంట్లో ఎన్ని మాటలుంటే అన్ని వలయాల్లోకీ వచ్చేట్టు చూసుకుని నిలబడండి. రెండుంటే రెండూ కలిసే చోట. మూడుంటే నట్టనడిమిన" అని చెప్పాను.

చాలా గొడవ జరిగింది. అక్కాచెల్లెళ్ళ పిల్లలు ఒకే ఇంట్లో ఉంటూ వేరే వేరే చోట్ల నిలబడి పోట్లాడుకున్నారు. ఒక అబ్బాయి గీత మీద నిలబడి, "టీచర్, మా ఇంట్లో అవ్వతో మాత్రమే కన్నడం. అది లెక్కకొస్తాదా?" అన్నాడు.

"మీ అవ్వ ఇంట్లో మనిషా, కాదా?"

"మనిషే."

"మరి పో లోపలికి."

అందరూ కుదురుకున్నాక ఆఫీసరు గారు ఒక్కో వలయం చుట్టూ తిరిగి తానే లెక్కపెట్టారు. తెలుగు వలయంలో ముప్ఫై ఎనిమిది, తమిళంలో ఇరవై, కన్నడంలో పంతొమ్మిది. కూడి చూసి, "డెబ్బై ఏడు! ఉన్నది నలభై రెండు మందే కదా?" అన్నారు.

"రెండు వలయాల్లో ఉన్నవాళ్ళను మీరు రెండుసార్లు లెక్కపెట్టారు సార్. తెలుగూ తమిళం కలిసే చోట పదిహేడు, తెలుగూ కన్నడం పదిహేను, తమిళం కన్నడం తొమ్మిది. ఆ నలభై ఒకటీ తీసెయ్యండి."

"ముప్ఫై ఆరు. ఇప్పుడు తక్కువైంది."

"నట్టనడిమిన ఆరుగురున్నారు చూడండి. వాళ్ళను మూడుసార్లు కలిపారు, ఇప్పుడు మూడుసార్లూ తీసేశారు. అంటే వాళ్ళసలు లేనట్టే అయిపోయింది. ఆ ఆరుగుర్నీ తిరిగి కలపండి."

"నలభై రెండు" అన్నారు ఆయన, నెమ్మదిగా. ఈసారి కుదిరిందని నాకు చెప్పలేదు. వరండా వైపు తిరిగి గట్టిగా చెప్పారు. "మాస్టారూ, పది కావాలన్నారు, మీకు పంతొమ్మిది మంది ఉన్నారు. మీ పోస్టు ఇక్కడే ఉంటుంది. నేను రాస్తాను."

శివరుద్రప్ప గారు స్తంభం పక్కనుంచి కదల్లేదు. మంజులే కన్నడ వలయంలోంచి కేకేసింది. "సార్! నానూ ఇద్దీని సార్!" నేనూ ఉన్నాను అని. ఇంకొకడు అందుకున్నాడు, ఇంకొకతె అందుకుంది. వలయంలో ఉన్న పంతొమ్మిది మందీ అదే మాట అరుస్తుంటే ఆయన మెట్లు దిగి వచ్చారు.

"నన్ను యాడ నిలబడమంటావు లెక్కలమ్మా?" అన్నారు నవ్వుతూ.

"మీకు అనుమానమెందుకు మాస్టారూ, కన్నడం వలయంలోకి పోండి."

ఆయన ముగ్గు గీత దాటి కన్నడం వలయంలోకి వెళ్ళారు. అక్కడ ఆగలేదు. పిల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ నట్టనడిమిన ఉన్న ఆరుగురి దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. నాకు అర్థం కాలేదు. "అది మూడూ ఉన్నవాళ్ళ చోటు మాస్టారూ" అన్నాను.

"తెలుసమ్మా. మాయమ్మ తమిళం మనిషి. సచ్చిపోయే దాకా నాతో తమిళమే మాట్లాడింది. ఈ బళ్ళో చేరిన దినం నువ్వు ఏం మాస్టరప్పా అని అడిగినారు, కన్నడం అన్నాను. ఇంగేమన్నా ఉండాదా అని మల్ల ఎవురూ అడగలే." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "నేనూ మల్ల చెయ్యెత్తలే."

ఆ ఆరుగురిలో ఒక పొట్టి పిల్ల ఆయన్ని కింది నుంచి పైకి చూసి, ఇంట్లో మనిషిని అడిగినట్టు తమిళంలో అడిగింది. "సాప్టీంగళా సార్?" తిన్నారా అని.

ఆ బడిలో ఆయన్ని తమిళంలో పలకరించడం అదే మొదటిసారి. "ఇన్నుం ఇల్లమ్మా" అన్నారు. ఇంకా లేదమ్మా, అని. ఆఫీసరు వస్తున్నాడని ఆ పొద్దున తెలిసినప్పటి నుంచీ ఆయన ఏమీ తినలేదు.